రెండు టీకాలు పడ్డాక కూడా పార్వో ఎందుకొస్తుంది?

"రెండు ఇంజెక్షన్లు అయిపోయాయి డాక్టర్‌గారూ, కార్డు కూడా ఉంది. మళ్లీ పార్వో అంటారేమిటండీ?" పశువైద్యశాలల్లో తరచూ వినిపించే మాట ఇది. పార్వో అంటే కుక్కపిల్లలకు వాంతులు, నెత్తురు విరేచనాలు తెచ్చి ప్రాణం మీదికి తెచ్చే వైరస్ జబ్బు. బల్లమీద మూడు నెలల లాబ్రడార్ పిల్ల తువ్వాలు చుట్టుకుని పడుకుని ఉంటుంది. ముందరి కాలికి సెలైన్ ఎక్కుతుంటుంది. ఇంట్లోవాళ్ల ముఖాల్లో నెత్తురుచుక్క ఉండదు. అనుమానం ముందుగా టీకా మీదికే పోతుంది: నకిలీదేమో, ఫ్రిజ్‌లో పెట్టలేదేమో, పిల్లను అమ్మినవాడు ఉత్త కార్డు రాసిచ్చాడేమో. అలాంటివి జరగవని కాదు. కానీ అసలైన టీకా, సరిగ్గా నిల్వచేసింది, సరైన చేతుల మీదుగా పడినా పార్వో రావచ్చు. ఆ మర్మం తల్లిపాలలో ఉంది.

తల్లి ఇచ్చిన రక్షణే టీకాకు అడ్డు

కుక్కపిల్ల పుట్టినప్పుడు రోగాలను ఎదుర్కొనే సొంత శక్తి దానికి దాదాపు ఉండదు. మొదటి 24 గంటల్లో తాగే ముర్రుపాలతో తల్లి యాంటీబాడీలు (రోగక్రిములను అడ్డుకునే రక్షక పదార్థాలు) పిల్ల రక్తంలోకి చేరతాయి. ఆ తర్వాత పేగులు వాటిని లోపలికి పోనివ్వవు. కాబట్టి తొలిరోజు ఏ పిల్ల ఎంత తాగితే దాని వాటా అంతే. అలా చేరిన యాంటీబాడీలు సుమారు 10 రోజులకోసారి సగానికి సగం తగ్గుతూ పోతాయి.

పార్వో టీకాలోనూ, కుక్కలకు వచ్చే మరో వైరస్ జబ్బు డిస్టెంపర్ టీకాలోనూ ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. అది పిల్ల ఒంట్లో కాస్త పెరిగితేనే శరీరం దాన్ని గుర్తుపట్టి సొంత యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. తల్లివి ఇంకా మిగిలి ఉంటే అవి టీకా వైరస్‌ను పెరగకముందే మట్టుబెడతాయి. సూది పడింది, కార్డు మీద స్టిక్కర్ పడింది, లోపల మాత్రం ఏమీ జరగలేదు.

ఇంకో చిక్కు ఉంది. టీకాను అడ్డుకోవడానికి కొద్దిపాటి యాంటీబాడీలు చాలు. వీధిలోని అసలు వైరస్‌ను ఆపడానికి అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. ఈ రెంటి మధ్య ప్రతి పిల్లకూ కొన్ని రోజులపాటు ఒక సందు వస్తుంది. ఆ రోజుల్లో టీకా పట్టదు, రోగం మాత్రం పడుతుంది. కార్డు చేతిలో ఉండగానే పార్వో వచ్చేది చాలాసార్లు ఈ సందులోనే.

ఆ సందు ఎప్పుడు వస్తుందన్నది పిల్లను బట్టి మారుతుంది. ఒకే ఈతలోని రెండు పిల్లలను తీసుకుందాం. బలంగా ఉన్నది మిగతావాటిని తోసుకుని తాగి 8 వంతుల యాంటీబాడీలు సంపాదించింది. చివరగా పుట్టిన బక్కదానికి ఒక్క వంతే దక్కింది. ఎనిమిది నాలుగు కావాలి, నాలుగు రెండు కావాలి, రెండు ఒకటి కావాలి. మూడుసార్లు సగం అంటే 30 రోజులు. బక్కదానికి 7 వారాలకే టీకా పనిచేస్తే బొద్దుగా ఉన్నదానికి 11 వారాలు దాటాలి. చూడ్డానికి పుష్టిగా ఉన్న పిల్లకే టీకా ఆలస్యంగా పట్టవచ్చు. అందుకే "మాది బలమైన పిల్ల, దీనికేం కాదు" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. మొత్తంమీద తల్లి యాంటీబాడీలు కొన్ని పిల్లల్లో 6 వారాలకే తగ్గిపోతాయి, కొన్నింట్లో 16 వారాల దాకా నిలుస్తాయి.

మీ పిల్ల ఏ కోవకు చెందుతుందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే డోసు మీద డోసు వేస్తారు. రెండో డోసును, మూడో డోసును బూస్టర్ అనడం వల్ల మొదటిదానితో కొంత రక్షణ వచ్చిందని, మిగతావి దాన్ని పెంచుతాయని జనం అనుకుంటారు. పార్వో విషయంలో అది నిజం కాదు. ఇవి ఒకదానిమీద ఒకటి పేర్చే మెట్లు కావు, ఒకే తలుపును మళ్లీ మళ్లీ తట్టడం. తలుపు తెరుచుకునేది ఒక్కసారే, అది ఎన్నోసారో మనకు తెలియదు. (అదే టీకాలో కలిసి వచ్చే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుకల మూత్రం వల్ల సోకే బ్యాక్టీరియా జబ్బు, భాగం సంగతి వేరు. అది చంపిన సూక్ష్మజీవితో చేసింది. దానికి మాత్రం 2 నుంచి 4 వారాల తేడాతో రెండు డోసులు పడితేనే రక్షణ వస్తుంది.)

కార్డులో చూడాల్సిన తేదీ

ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం చెప్పే లెక్క ఇది: 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టాలి, 2 నుంచి 4 వారాలకోసారి వేయాలి, చివరి డోసు 16 వారాలకు గానీ ఆ తర్వాత గానీ పడాలి. ఎన్ని డోసులు పడ్డాయన్నది అంత ముఖ్యం కాదు. ఆఖరిది ఏ వయసులో పడిందన్నదే ముఖ్యం.

మన దగ్గర చాలా కార్డుల్లో 45వ రోజు, 66వ రోజు, 87వ రోజు అని ఉంటుంది. మూడు డోసులూ అయ్యాయని సంబరపడతాం గానీ 87 రోజులంటే పన్నెండున్నర వారాలే. 16 వారాలంటే 112 రోజులు. ఆ మిగిలిన మూడున్నర వారాల వ్యవధిలో కొన్ని పిల్లలు ఏ రక్షణా లేకుండా రోడ్డెక్కుతున్నాయి. మీ కార్డు అలా ఉంటే 112వ రోజు దాటాక ఇంకొక డోసు వేయమని డాక్టర్‌ను అడగండి. గడువు కన్నా ఒక డోసు ఎక్కువ పడితే నష్టం లేదు, తక్కువ పడితే ప్రాణం మీదికొస్తుంది. అప్పటికీ పట్టని కొద్ది పిల్లల కోసం ఏడాది దాకా ఆగకుండా 6 నెలలకే మరో డోసు వేయడం మేలని ఆ సంఘం 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

45 రోజులకే పిల్లను తెచ్చుకోవడం మన దగ్గర ఒక అలవాటైపోయింది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అది మంచి నియమం. ఎందుకు మంచిదో తర్వాత చెప్పుకుందాం.

టీకా వేసేటప్పుడు బల్ల పక్కనే నిలబడి చూడండి. రెండు చిన్న సీసాలు ఉంటాయి. ఒకదాని అడుగున తెల్లటి పొడి బిళ్లలా అంటుకుని ఉంటుంది. రెండోదాంట్లో ద్రవం ఉంటుంది. చాలా కంపెనీల టీకాల్లో ఆ ద్రవమే లెప్టో టీకా. రెండూ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, మీ కళ్లెదుటే కలపాలి, కలిపిన వెంటనే వేయాలి. పొడి కరిగి ముద్దలా మారి ఉంటే వద్దనండి. పమేరియన్ పిల్లకైనా గ్రేట్ డేన్ పిల్లకైనా ఒకటే డోసు. "చిన్నది కదా, సగం చాలు" అంటే ఒప్పుకోకండి. సీసా మీది స్టిక్కర్ ఊడదీసి కార్డుకు అంటించాలి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ దాని మీదే ఉంటాయి. స్టిక్కర్ లేకుండా సంతకం మాత్రమే ఉన్న డోసును లెక్కలో వేసుకోవద్దు. జ్వరం ఉన్నా, విరేచనాలు అవుతున్నా ఆ రోజుకు వాయిదా వేయాలి. వేశాక ఓ అరగంట అక్కడే కూర్చోండి. ముఖం వాచడం, ఆగకుండా వాంతులు కావడం లాంటివి అరుదు, కానీ వస్తే డాక్టర్ దగ్గర ఉండగానే రావాలి.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు. డాక్టర్ చెప్పిన తేదీకి బూస్టర్, ఆపైన ఏటా వేయించాలి. ఏటా జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల దినం) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు. పిల్ల కదా అని దాని పంటిగాటును తేలిగ్గా తీసుకోవద్దు, కుక్కపిల్లలకూ రేబిస్ వస్తుంది. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

చెప్పులకు అంటుకుని వచ్చేది

పార్వో వైరస్ లోకానికి తెలిసింది 1978లో. రోగం ఉన్న కుక్క మలంలో అది కుప్పలు తెప్పలుగా బయటికొస్తుంది. లక్షణాలు కనిపించకముందే మొదలై, తగ్గాక కూడా రెండు వారాల దాకా వస్తూనే ఉంటుంది. చుట్టూ కొవ్వు పొర లేని వైరస్ కాబట్టి సబ్బుకు లొంగదు, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. పిల్ల గడప దాటకపోయినా మన చెప్పులు, బండి టైర్లు, పనిచేసేవాళ్ల కాళ్లు దాన్ని ఇంట్లోకి మోసుకొస్తాయి. కాబట్టి చెప్పులు బయటే విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చే మన పాత పద్ధతి ఈ నాలుగు నెలలూ గట్టిగా పాటించాలి.

ఫినాయిల్‌తో తుడిస్తే పార్వో చావదు. బ్లీచింగ్ పౌడర్‌తో చస్తుంది. కొత్త ప్యాకెట్ పౌడర్‌ను లీటరు నీటికి ఒక టీస్పూను, అంటే సుమారు 5 గ్రాములు కలిపి, తేరిన నీళ్లు తీసుకోవాలి. ముందు మలం, వాంతి పూర్తిగా ఎత్తేసి సబ్బునీటితో కడగాలి. మురికి మీద పోస్తే క్లోరిన్ మురికితోనే ఖర్చైపోతుంది. తర్వాత ఆ నీళ్లు పోసి 10 నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో కడిగి, ఆరాకే పిల్లను వదలాలి. తెరిచి పెట్టి చాలాకాలమైన ప్యాకెట్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, అది వాసనకే తప్ప పనికిరాదు. బాత్రూం కడిగే యాసిడ్‌తో దీన్ని ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇంకో గడియారం

ఇంతవరకూ చదివితే పిల్లను 16 వారాల దాకా గదిలో పెట్టి తలుపేయడమే మేలనిపిస్తుంది. చాలామంది చేసేదీ అదే. పార్వో ముప్పు తగ్గుతుంది, కానీ ఆరు నెలలకు ఆ పిల్ల గేటు దగ్గర సిలిండర్ అబ్బాయిని చూస్తే వణికిపోతుంది, ఏడాదికి కరవబోతుంది.

కుక్కపిల్ల మెదడు కొత్తవాటిని భయం లేకుండా స్వీకరించేది సుమారు 3వ వారం నుంచి 12, 14 వారాల దాకానే. ఆ వయసులో చూసినవి, విన్నవి, తొక్కినవి దానికి మామూలువి. చూడనివి తర్వాత అనుమానించాల్సినవి. ఇందులో మొదటి సగం తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య గడవాలి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది అక్కడే. 45 రోజులకు విడదీయకూడదనేది ఇందుకే. రెండో సగం మీ ఇంట్లో గడుస్తుంది. ఈ రెండో సగమూ, టీకా పట్టని ఆ సందూ సరిగ్గా ఒకే వారాల్లో పడతాయి. అసలు చిక్కుముడి ఇది. అమెరికా జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం 2008లో దీనికి సూటిగా జవాబు చెప్పింది: మొదటి టీకా పడిన వారం తర్వాత నుంచే, శుభ్రమైన చోట, పిల్లను లోకానికి పరిచయం చేయాలి. మూడేళ్లలోపు కుక్కలు అంటురోగాల కన్నా ప్రవర్తన సమస్యల వల్లే ఎక్కువగా ప్రాణాలు కోల్పోతున్నాయని ఆ సంఘం గుర్తుచేసింది.

దీన్ని మన వీధుల్లో ఎలా చేయాలి? సూత్రం ఒక్కటే: కళ్లు, చెవులు, ముక్కు బయటికి వెళ్లవచ్చు, పాదాలు మాత్రం వీధి మట్టికి తగలకూడదు. ఎత్తుకుని గేటు దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఆటో, నీళ్ల ట్యాంకర్, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, చేతికర్ర పట్టుకున్న పెద్దాయన, బురఖాలో ఉన్నావిడ, పరుగెత్తే పిల్లలు, ఇవన్నీ ఒడిలో నుంచి చూడనివ్వండి. ఆటోలో ఒక రౌండ్ వేయండి. టీకాలన్నీ పడి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఉన్న తెలిసినవాళ్లింటికి తీసుకెళ్లండి. వీధికుక్కలు తిరిగే ఖాళీ స్థలం, పార్కు, పశువైద్యశాల నేల మాత్రం వద్దు. ఆసుపత్రిలో పిల్ల ఒడిలోనే ఉండాలి, బల్ల మీద పెట్టేముందు బల్ల తుడవమని అడగాలి. ఇంట్లో చాప, గోనెసంచి, నున్నటి టైల్స్, తడి నేల మీద నడిపించండి. రోజూ ఓ నిమిషం చెవులు, గోళ్లు, నోరు పట్టుకుని చూసి ఓ ముక్క పెట్టండి. రేపు డాక్టర్ పట్టుకుంటే గొడవ చేయదు.

కుక్కర్ విజిల్‌నే తీసుకోండి. మొదటిరోజు పిల్లను వంటింటికి దూరంగా, చివరి గదిలో ఉంచండి. విజిల్ వినిపించగానే ఒక చిన్న ఉడికిన చికెన్ ముక్క పెట్టండి. శబ్దం ముందు, ముక్క తర్వాత. ఈ వరుస తిరగబడకూడదు. ముక్క ముందు చూపిస్తే ముక్కే ప్రమాద సూచన అయి కూర్చుంటుంది. రెండు మూడు రోజులకు విజిల్ వినగానే మీ చేతివైపు చూడటం మొదలుపెడుతుంది. అప్పుడు ఒక గది దగ్గరికి జరగండి. చెవులు వెనక్కి వాల్చినా, తోక కాళ్ల మధ్య దాచినా, ఆకలి లేకుండానే పెదాలు నాక్కున్నా, ఇష్టమైన ముక్క కూడా ముట్టకపోయినా మీరు తొందరపడినట్టే, మళ్లీ వెనక్కి వెళ్లండి. టపాకాయలు, డప్పులకూ ఇదే పద్ధతి. ఫోన్లో రికార్డు చేసిన శబ్దాన్ని వినీ వినపడనట్టు మొదలుపెట్టి రోజురోజుకూ కొద్దిగా పెంచాలి. దీపావళి నాడు మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

దొడ్డికి, ఉచ్చకు బయటికి తీసుకెళ్లడం కూడా ఇక్కడే ఇరుక్కుంటుంది. 16 వారాల దాకా బాల్కనీలోనో మేడ మీదో వీధికుక్కలు రాని ఒక మూల చూపించండి. నిద్ర లేచిన వెంటనే, తిన్న పావుగంటలోపు, ఆట ఆపిన వెంటనే తీసుకెళ్లాలి. మూడు నెలల పిల్ల పగలు మూడు నాలుగు గంటలకు మించి ఆపుకోలేదు. లోపల పోస్తే తిట్టడం, ముక్కు రుద్దడం వల్ల అది నేర్చుకునేది ఒకటే: మీకు కనపడకుండా పోయడం.

గిన్నెలో ఏముండాలి

పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచిన పిల్ల బొద్దుగానే కనిపిస్తుంది. కానీ పెరిగే కండకు మాంసకృత్తులు, పెరిగే ఎముకకు క్యాల్షియం అందులో చాలవు. ఉత్త మాంసం పెడితే ఫాస్ఫరస్ ఎక్కువై శరీరం ఎముకల్లోంచి క్యాల్షియం లాగేస్తుంది. అప్పుడు సోఫా మీంచి దూకినా కాలు విరుగుతుంది. ఇది చూసి చాలామంది క్యాల్షియం సిరప్ మొదలుపెడతారు. పప్పీ ఫుడ్ తింటున్న లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ పిల్లలకు ఆ సిరప్ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఆరు నెలల లోపు పిల్లల పేగు అదనపు క్యాల్షియాన్ని వద్దనలేదు, వచ్చినంతా లోపలికి తీసుకుంటుంది, ఎముకలు వంకర తిరుగుతాయి. పూర్తి పోషకాలున్న పప్పీ ఫుడ్ పెడితే సిరప్ ఊసే వద్దు. ఇంటివంటే పెట్టాలనుకుంటే కొలతలు పశువైద్యుడితో రాయించుకోండి.

ఎంత పెట్టాలి? 3 కిలోల, 4 నెలల లోపు పిల్లకు రోజుకు దాదాపు 480 కిలో కేలరీలు కావాలి. వంద గ్రాములకు 370 కేలరీలిచ్చే పప్పీ ఫుడ్ అయితే ఇది 130 గ్రాములు. మూడు నెలల దాకా దాన్ని నాలుగు పూటలుగా, ఆరు నెలల దాకా మూడు పూటలుగా పంచాలి. ఇది మొదలుపెట్టడానికే, ఆపైన పక్కటెముకలు చేతికి తగులుతున్నాయా లేదా చూసి సర్దుకోవాలి. కొత్త ఇంటికి వచ్చిన మొదటి వారం ఇదివరకు తిన్నదే పెట్టి, తర్వాత వారంపాటు కొంచెం కొంచెంగా మార్చండి. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు విరేచనాలు పెడతాయి. ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ విషాలు. ఉల్లిపాయ వేసిన సాంబారు, కూర మిగిలిందని కలపకండి.

పురుగులు, పిడుదులు

ఏలికపాములు తల్లి కడుపులోనే పిల్లకు చేరతాయి, కొంకిపురుగులు పాలతో వస్తాయి. అందుకే నులిపురుగుల మందు 2 వారాల వయసులోనే మొదలుపెట్టి 8 వారాల దాకా రెండు వారాలకోసారి, ఆపైన ఆరు నెలల దాకా నెలకోసారి వేస్తారు. కొంకిపురుగులు నెత్తురు తాగుతాయి. చిగుళ్లు తెల్లబడితే అది అత్యవసరమే. మందు బరువును బట్టి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ తూచండి. పిల్లను ఎత్తుకుని తూనిక ఎక్కి, మీ బరువు తీసేస్తే సరిపోతుంది.

పిడుదుల (తెలంగాణలో గోమార్లు) వల్ల వచ్చే ఎర్లీషియా, బెబీషియా జ్వరాలు మన ఎండల్లో ఏడాది పొడవునా ఉంటాయి. ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీంచి దిగి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది కాబట్టి, కుక్కకే మందు వేసి గోడను వదిలేస్తే మళ్లీ వస్తాయి. నమిలే మాత్రలు చాలావరకు 8 వారాలు, 2 కిలోలు దాటాకే ఇవ్వాలి. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను అంచనాగా పొడిపించకండి. చిన్న కుక్కపిల్లలకు, కోలీ జాతివాటికి అది మెదడు మీద పనిచేసి ప్రాణం తీయగలదు.

ఆ రాత్రి వస్తే

వైరస్ లోపలికి వెళ్లిన 3 నుంచి 7 రోజులకు పార్వో బయటపడుతుంది. ముందు పిల్ల మందకొడిగా ఉంటుంది, గిన్నె వైపు చూడదు. తర్వాత వాంతులు, ఆపైన నీళ్ల విరేచనాలు, వాటిలో నెత్తురు, ఒకసారి పీలిస్తే మరిచిపోలేని దుర్వాసన. వైరస్ పేగు లోపలి పొరనూ, తెల్ల రక్తకణాలు పుట్టే మూలుగనూ ఒకేసారి దెబ్బతీస్తుంది. వేగంగా చీలే కణాలంటే దానికి ఇష్టం. నీళ్లు కోల్పోవడం ఒకవైపు, పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి ఎగబాకడం మరోవైపు.

విరేచనాలు ఆగే మాత్ర, పారాసిటమాల్ ఇంట్లోంచి తీసి వేయకండి. వాంతి చేసుకుంటున్న పిల్ల నోట్లో బలవంతంగా ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మామూలు శరీర ఉష్ణోగ్రత 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్. పై చిగురును వేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. అంతకన్నా ఆలస్యమైనా, నోరు తడారి జిగురుగా ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. మలంతో చేసే కిట్ పరీక్ష పది నిమిషాల్లో తేలుస్తుంది, మొదటిరోజుల్లో మాత్రం ఒక్కోసారి తప్పుగా నెగటివ్ చూపిస్తుంది. వైరస్‌ను చంపే మందు మన దగ్గర మామూలుగా దొరకదు. సెలైన్, వాంతులు తగ్గించే ఇంజెక్షన్, యాంటీబయాటిక్ అందిస్తూ పేగు కోలుకునేదాకా పిల్లను నిలబెట్టడమే చికిత్స. సమయానికి ఇది అందిన పిల్లలు ఎక్కువ శాతం బతుకుతాయి, అందనివి ఎక్కువ శాతం చనిపోతాయి.

పార్వోతో పిల్ల పోయిన ఇంట్లో వెంటనే ఇంకో చిన్నపిల్లను తేవాలన్న ఆరాటం చాలామందికి ఉంటుంది, అర్థమయ్యేదే. కానీ పాత పరుపు, చాప, బొమ్మలు పారేసి నేలంతా బ్లీచ్‌తో కడిగినా పెరటి మట్టిని కడగలేం. అలాంటి ఇంటికి 45 రోజుల పిల్లను కాక, 16 వారాలు దాటాక ఆఖరి డోసు పడి రెండు వారాలైన పిల్లను తెచ్చుకోండి. కుక్కలను దత్తత ఇచ్చే చోట్ల నాలుగైదు నెలల దేశీ పిల్లలు టీకా కార్డుతో సహా దొరుకుతాయి. కార్డు తెరిచి ఆఖరి స్టిక్కర్ పక్కనున్న తేదీ, పుట్టిన తేదీ చూసి, మధ్యలో 112 రోజులున్నాయేమో లెక్కపెట్టుకోండి.